పొదలకూరు కంప్యూటరు డైరీ: అరిచేదెవరు, ఆపేదెవరు

శనివారం, మధ్యాహ్నం

మెషీను: బ్రాండెడ్ డెస్క్‌టాప్, నాలుగో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10 హోమ్. ఉండేది నెల్లూరు దగ్గర పొదలకూరులో మా పెదనాన్న ఇంట్లో, హాల్లో టీవీ పక్కన. పొద్దున నిమ్మకాయల లెక్కలు, మధ్యమధ్యలో భూమి రికార్డుల సైటు మీభూమిలో అడంగల్, 1బీ ప్రింట్లు, బ్యాంకు పని. సాయంత్రం ఇంటర్ చదివే చెల్లెలి క్లాసులు. రాత్రిపూట ఎవరో సినిమాలు డౌన్‌లోడ్ చేస్తున్నారు. ఎవరని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

కంప్లైంట్లు రెండు. వైరస్ ఉంది, వైరస్ ఉంది అని స్క్రీన్ మూలన ఒకటే గోల. ఇంకోటి, యాంటీవైరస్ కంపెనీల సైట్లు తెరుచుకోవు, అప్‌డేట్లు కావు. రెండోదాన్ని పట్టుకుంది చెల్లెలు. పెదనాన్నకు మాత్రం మొదటిదే టెన్షన్. "రేయ్ అబ్బాయ్, ముందు ఆ గోల ఆపు. మార్కెట్ యార్డు నుంచి ఫోన్ వచ్చినప్పుడు లెక్క చూద్దామంటే అదే అడ్డమొస్తుండాది" అన్నాడు. కంప్యూటర్ షాపు వాళ్ళు ఫోన్లో ఇచ్చిన సలహా ఏమిటంటే, మీ యాంటీ మాల్వేరే (వైరస్‌ల మీద కాపలా సాఫ్ట్‌వేర్) సైట్లను బ్లాక్ చేస్తోంది, దాన్ని తీసేయండి అని. తీయనివ్వకుండా ఆపింది పెద్దమ్మ. ఆమె ఆపకపోయి ఉంటే ఈ డైరీ ఇంత చిన్నగా ఉండేది కాదు.

ముందుగా తారీఖు, టైము చూశాను. సరిగానే ఉన్నాయి. మదర్‌బోర్డు మీదుండే సీఆర్2032 బిళ్ళ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తారీఖు ఏళ్ళ వెనక్కి పోతుంది. అప్పుడు నిఖార్సైన సైట్ల సర్టిఫికెట్లు కూడా చెల్లవంటూ బ్రౌజర్ మొండికేస్తుంది. మనవాళ్ళు దాన్ని కూడా 'బ్లాక్ అయింది' అనే అంటారు. ఇక్కడ అది కాదు.

తర్వాత ఆ పాపప్ కోసం కూర్చున్నాను. ఎక్కువసేపు పట్టలేదు. కుడివైపు కింద మూలన ఎర్ర డాలు బొమ్మ, పక్కన పెద్ద అక్షరాలతో మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు ఉన్నాయి, సబ్‌స్క్రిప్షన్ ముగిసింది, వెంటనే రెన్యూ చేయండి అని. ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేస్తే, దాని అడుగున బూడిద రంగులో సన్నటి గీతలాంటి లైను ఒకటి కనిపించింది. అందులో బ్రౌజర్ పేరు, దాని పక్కన నోరు తిరగని ఓ సైటు అడ్రసు. అసలు యాంటీ మాల్వేర్ ఇచ్చే హెచ్చరికను బ్రౌజర్ ఎందుకు చూపిస్తుంది? అది దాని సొంత కిటికీలో వస్తుంది, ఏ ఫైలు ఎక్కడికి పోబోయిందో రాసుంటుంది, డబ్బు అడగదు.

అనుమానం తీరడానికి యాంటీ మాల్వేర్ తెరిచి హిస్టరీ చూశాను. ఇప్పుడే మోగిన హెచ్చరిక అందులో లేదు. నిన్నటివీ లేవు. చివరి ఎంట్రీ ఎప్పుడో ఎండాకాలం నాటిది. మెయిన్ స్క్రీన్ మీద, చెడ్డ సైట్లను ఆపే వెబ్ ప్రొటెక్షన్ ఎదురుగా ఎర్రగా 'ఆఫ్'. స్విచ్ నొక్కితే 'స్టార్టింగ్' అని కాసేపు తిరిగి మళ్ళీ ఆఫ్‌కే వచ్చి కూర్చుంటోంది.

అంటే ఇంట్లో ఇన్నాళ్ళూ గోల చేస్తున్నది మోసగాళ్ళ ప్రకటన. కాపలా కాయాల్సింది నోరు మూసుకుని ఉంది. షాపు వాళ్ళ మాట విని తీసేసి ఉంటే గోల ఒక్క రవ్వ కూడా తగ్గేది కాదు.

శనివారం, సాయంత్రం

గోల ఆపడం సులువైన పని. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అనుమతి ఇచ్చిన సైట్ల జాబితాలో మనకు తెలిసినవి రెండో మూడో, మిగతావన్నీ ఆ నోరు తిరగని బాపతే. సినిమా డౌన్‌లోడ్ పేజీల్లో 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అని వస్తుంది చూడండి, అక్కడ నొక్కిన ప్రతి నొక్కుకూ ఇక్కడ ఒక లైను. అన్నీ తీసేసి, ఇక ఏ సైటూ నోటిఫికేషన్ అడగకుండా ఆప్షన్ మార్చాను. ఎక్స్‌టెన్షన్లలో కూపన్లు చూపిస్తానని చెప్పేది ఒకటి ఉంది, దాన్నీ పీకేశాను.

గోల ఆగింది. పెదనాన్న దృష్టిలో పని అయిపోయింది, కాఫీ కూడా వచ్చింది. నేను వెళ్ళలేదు.

శనివారం, రాత్రి

వెబ్ ప్రొటెక్షన్ ఎందుకు ఆన్ కావట్లేదు?

సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేయడం చాలామంది చేసే మొదటి పని. నాకు అది చివరి పని, ఎందుకంటే జబ్బు విండోస్‌లో ఉంటే ఎన్నిసార్లు వేసినా అదే కథ. వేరే దిక్కున చూస్తే ఒక ఆధారం దొరికింది. నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా ఉండే విండోస్ ఫైర్‌వాల్ కూడా ఆఫ్‌లో ఉంది, అది కూడా ఆన్ చేస్తే ఎర్రర్ ఇస్తోంది. ఇద్దరూ ఒకేసారి పడిపోయారంటే ఇద్దరి కాళ్ళ కింద ఉన్నది ఒకటే అయ్యుండాలి.

అది ఉంది. పేరు బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్. విండోస్ విస్టా కాలం నుంచి నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను వడపోసే ఏర్పాటు అంతా విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్ అనే పొర మీద నడుస్తుంది. ఈ ఇంజిన్ దానికి మూలం. ఫైర్‌వాల్ దీని మీదే ఆధారపడుతుంది, యాంటీ మాల్వేర్లలోని వెబ్ ప్రొటెక్షన్ కూడా చాలావరకు ఇంతే. సర్వీసెస్ జాబితా తెరిచి చూస్తే స్టార్టప్ టైప్ దగ్గర 'డిసేబుల్డ్' అని ఉంది. తనంతట తాను అలా అవ్వదు. ఎవరో చేశారు.

ఆటోమేటిక్‌గా మార్చి, స్టార్ట్ నొక్కితే నడిచింది. కొన్ని మెషీన్లలో ఇక్కడ 'యాక్సెస్ డినైడ్' వస్తుంది, అప్పుడు రిజిస్ట్రీ పర్మిషన్ల దాకా పోవాలి. ఇక్కడ అంత శ్రమ పడలేదు. రీస్టార్ట్ తర్వాత ఫైర్‌వాల్ ఆన్, వెబ్ ప్రొటెక్షన్ ఆన్. పచ్చ టిక్కులు రెండూ.

ఇంకో చెత్త కూడా దొరికింది. విండోస్ సెక్యూరిటీలో ప్రొవైడర్ల జాబితా చూస్తే కంప్యూటర్‌తో పాటు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ పేరు ఇంకా అక్కడే ఉంది. గడువు తీరి ఎన్నాళ్ళో అయింది, పైపైన అన్‌ఇన్‌స్టాల్ చేశారు గానీ డ్రైవర్లు మిగిలిపోయాయి. ఇలాంటివాటికి కంట్రోల్ ప్యానెల్ చాలదు. ఏ కంపెనీది ఆ కంపెనీ ప్రత్యేకంగా ఇచ్చే రిమూవల్ టూల్ వాడాలి. నా ల్యాప్‌టాప్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నడిపాను.

ఎందుకు నా ల్యాప్‌టాప్‌లో? ఎందుకంటే ఈ మెషీన్లో ఆ సైటు తెరుచుకోదు. చెల్లెలు చెప్పింది నిజమే. ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉన్నప్పుడూ తెరుచుకోలేదు కాబట్టి బ్లాక్ చేస్తున్నది ప్రొటెక్షన్ కాదు. అదే వైఫై మీద ఫోన్లో తెరుచుకుంటోంది కాబట్టి ఇంటర్నెట్ కంపెనీ కూడా కాదు. మిగిలింది హోస్ట్స్ ఫైలు.

ఇది సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే ఫోల్డర్ల లోపల ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ లేని చిన్న టెక్స్ట్ ఫైలు. కంప్యూటర్ ఏ సైటు అడ్రసైనా బయట డీఎన్‌ఎస్‌ను (సైటు పేరుకు దాని ఐపీ నంబరు చెప్పే సర్వీసు) అడిగే ముందు ఇందులో చూస్తుంది. కొత్త విండోస్‌లో దీంట్లో లైన్లన్నీ హ్యాష్ గుర్తుతో మొదలవుతాయి, అంటే పనిచేసేది ఒక్కటీ ఉండదు. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చూస్తే ఇక్కడ కూడా అంతే ఉంది. స్క్రోల్ బార్ మాత్రం అనుమానంగా చిన్నగా ఉంది. కిందికి లాగితే ఖాళీ లైన్లు, ఖాళీ లైన్లు, ఆ తర్వాత బయటపడింది అసలు సరుకు. పేరున్న యాంటీవైరస్ కంపెనీల సైట్లు, వాటి అప్‌డేట్ సర్వర్లు వరసగా, ప్రతిదాని ముందూ 127.0.0.1. అది కంప్యూటర్ సొంత అడ్రసు. అప్‌డేట్ కోసం బయలుదేరినవాడిని తిప్పి మన గుమ్మంలోకే పంపించడం అన్నమాట.

ఆ లైన్లన్నీ తీసేసి సేవ్ చేసి, ఐపీకాన్ఫిగ్ కమాండ్‌తో డీఎన్‌ఎస్ క్యాష్ (గుర్తుంచుకున్న పాత అడ్రసులు) ఖాళీ చేశాను. యాంటీ మాల్వేర్ అప్‌డేట్ మొదలైంది. సరంజామా పాతబడి ఎన్నాళ్ళయిందో గానీ, దిగడానికే చాలాసేపు పట్టింది. దాన్ని అలాగే వదిలేసి పడుకున్నాను.

ఆదివారం, పొద్దున

పెదనాన్న నిద్ర లేపాడు. "ఏందిరా ఇది, బాగు చెయ్యమంటే మళ్ళీ మొదలయింది?"

ఈసారి వస్తున్నవి అసలైనవి. బ్రౌజర్ మూసే ఉంది, అయినా కొద్దికొద్దిసేపటికి 'వెబ్‌సైట్ బ్లాక్ చేయబడింది'. దీన్ని చదివే పద్ధతి పెదనాన్నకు కూడా కూర్చోబెట్టి చూపించాను. అందరూ మొదటి లైను, అంటే బ్లాక్ అయిన సైటు పేరు చదివి ఆగిపోతారు. అది ఎవరికీ అర్థం కాని పేరు, దాన్ని చూసి చేసేదేం లేదు. కింద ఇంకా నాలుగు విషయాలుంటాయి. ఐపీ అడ్రసు, పోర్టు (ఏ పనికి ఏ తలుపో చెప్పే నంబరు), దిశ, ఫైలు. దిశ దగ్గర 'ఇన్‌బౌండ్' అని, పోర్టు 3389 అని ఉంటే బయటివాడెవడో రిమోట్ డెస్క్‌టాప్ తలుపు తడుతున్నాడని. మనది 'అవుట్‌బౌండ్', పోర్టు 443. లోపలున్నది ఏదో బయటికి పోవాలని చూస్తోంది. ఆ ఏదో ఎవరనేది చివరి లైన్లో ఉంది. యూజర్ పేరు కింద యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో పేరు పోల్చుకోలేని ఫోల్డర్, దాంట్లో విండోస్ సర్వీసులా ధ్వనించే పేరుతో ఒక ఫైలు.

నిజమైన విండోస్ సర్వీసులు ఆ ఫోల్డర్లో కాపురం ఉండవు.

కొత్త అప్‌డేట్ పడింది కదా, స్కాన్ పెడితే ఆ ఫైలును వెంటనే పట్టుకుంది. క్వారంటైన్, రీస్టార్ట్. పాపప్‌లు ఆగాయి. పెద్దమ్మ పెట్టిన దోసెలు తిని వచ్చేసరికి మళ్ళీ మొదలు. అదే ఫోల్డర్లో అదే ఫైలు, ఇంకో పేరుతో.

తీసేసినది తిరిగి వచ్చిందంటే తెచ్చిపెట్టే మనిషి వేరే ఉన్నాడు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ సిస్‌ఇంటర్నల్స్ సైట్లో ఆటోరన్స్ అనే ఉచిత టూల్ ఉంది. కంప్యూటర్ లేచినప్పుడు తమంతట తాము లేచే వాటన్నిటినీ ఒకచోట చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న ఎంట్రీలను దాచెయ్యమంటే జాబితా సగానికి పైగా తగ్గింది. షెడ్యూల్డ్ టాస్కుల ట్యాబులో ప్రింటర్ అప్‌డేట్, బ్రౌజర్ అప్‌డేట్, వాటి మధ్యలో 'ఆక్టివేషన్' అన్న మాటతో ఒక టాస్క్. లాగిన్ అయినప్పుడల్లా పవర్‌షెల్ అనే విండోస్ టూల్‌లో ఒక కమాండ్ నడపాలని. కమాండ్ ఒక పొడుగాటి అర్థంకాని అక్షరాల దండ.

ఆక్టివేషన్ అన్న మాట చూడగానే కథ తెలిసిపోయింది. కిందటేడు ఇది నెమ్మదించిందని షాపుకు పంపితే 'ఫుల్ సాఫ్ట్‌వేర్ వేసి' ఇచ్చారట. ఆ ఫుల్‌లో కొనని ఆఫీస్ కూడా ఉంది, దాన్ని నడిపించడానికి ఒక ఆక్టివేటర్ ఉంది. ఇలాంటివి నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమని సూచనలుంటాయి, లేదా అదే ఆపేస్తుంది. మరి విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, మైక్రోసాఫ్ట్ డిఫెండర్, ఇన్నాళ్ళూ ఏం చేసింది? ఈ యాంటీ మాల్వేర్ డిఫెండర్ పక్కనే నడిచేలా పెట్టి ఉంది, కాబట్టి డిఫెండర్ కూడా చూసి ఉండాలి. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ తెరిచాను. ఒకే ఒక్క ఎంట్రీ.

సి డ్రైవ్. మొత్తం.

ఎక్స్‌క్లూజన్ అంటే ఇక్కడ వెతకొద్దు అని చెప్పడం. ఈ మెషీన్లో ఉన్నది ఒకటే డ్రైవ్. ఇక డిఫెండర్ ఆన్‌లో ఉందని పచ్చ టిక్కు చూపించినా, అది చూడటానికి మిగిలింది పెన్‌డ్రైవులే. ఎవరింట్లోనైనా కంప్యూటర్ షాపు నుంచి వస్తే నేను ముందు చూసేది ఈ ఒక్క పేజీనే.

ఎక్స్‌క్లూజన్ తీసేసి, టాస్క్ తీసేసి, ఆక్టివేటర్‌నూ దొంగ ఆఫీస్‌నూ తీసేసి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. ఇది విండోస్ లేవకముందే నడుస్తుంది, అందుకని లోపలున్నవి దాక్కోలేవు. పావుగంట పడుతుందని మైక్రోసాఫ్ట్ అంటుంది. ఈ హార్డ్ డిస్క్ మీద అది పావుగంట మాట కాదు. మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ కాపాడింది. ఆ తర్వాత బ్లాక్ పాపప్ ఒక్కటీ రాలేదు.

ఆదివారం, మధ్యాహ్నం

ఇప్పుడు చెల్లెలి వంతు. "అన్నా, మా కోచింగ్ నోట్సు సైటు నిన్నటిదాకా వచ్చింది, ఇవాళ బ్లాకంటుంది."

ఈసారి పాపప్‌లో ఫైలు దగ్గర బ్రౌజర్ పేరు ఉంది, ఆ పేజీ అడిగింది తనే. సైటు ఐపీ చెప్పే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్‌తో చూస్తే ఆ సైటు చవక హోస్టింగ్‌లో ఉంది, ఒకే ఐపీ మీద చాలా సైట్లు కాపురముంటాయి. వాటిలో ఒకటి చెడ్డదైతే ఐపీ మొత్తాన్ని బ్లాక్ చేసే పద్ధతి వల్ల పక్కవాళ్ళకూ దెబ్బ తగులుతుంది. చాలా యాంటీవైరస్ ఇంజిన్లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్‌లో సైటు అడ్రసు వేసి చూశాను. ఒకే ఒక్క ఇంజిన్ తప్పు పట్టింది, మిగతావన్నీ శుభ్రం అన్నాయి.

కాపలా సాఫ్ట్‌వేర్లు పొరబడవని ఏమీ లేదు. 2018 జనవరి 27న మాల్వేర్‌బైట్స్ అనే యాంటీ మాల్వేర్ కంపెనీ విడుదల చేసిన ఒక అప్‌డేట్ ప్రపంచమంతా కంప్యూటర్ల మెమరీని మింగేసి, వాటి వెబ్ ప్రొటెక్షన్‌నే పడగొట్టింది. కంపెనీయే ఒప్పుకుని సరిదిద్దిన అప్‌డేట్ ఇచ్చింది. అలాగని బ్లాక్ చేసిన ప్రతిసారీ అది పొరపాటే అనుకుంటే సినిమా సైట్ల వాళ్ళ పంట పండినట్టే.

చేసింది ఇది: అలౌ లిస్టులో ఆ ఒక్క సైటు పేరు మాత్రం చేర్చాను. ఐపీని చేర్చలేదు, ఎందుకంటే దానితో పాటు పక్కిళ్ళన్నిటికీ తలుపు తీసినట్టవుతుంది. బ్రౌజర్‌ను అసలే చేర్చలేదు, అలా చేస్తే వెబ్ ప్రొటెక్షన్ ఉన్నా లేనట్టే. కంపెనీకి ఇది తప్పుడు బ్లాకని రిపోర్టు పంపాను.

ఆదివారం, సాయంత్రం

పెదనాన్నకూ నాకూ మాట తేడా వచ్చింది ఇక్కడే. శుభ్రమైంది కదా, ఇక వదిలెయ్ అంటాడు. నేను ఫార్మాట్ కొట్టాలంటాను.

నా వాదన ఇది. స్కాన్లు దొరికినవాటిని చెప్పగలవు. ఏడాదిగా అడ్మిన్ హోదాలో ఏమేం నడిచిందో, ఇంకా ఏం మార్చిందో చెప్పలేవు. బ్యాంకు పాస్‌వర్డ్ బ్రౌజర్‌లోనే సేవ్ చేసి ఉంది. ఇలా దూరేవాటిలో చాలావరకు ముందు దోచేది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, మళ్ళీ పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి పంపే లాగిన్ కుకీలే. ఇదే కంప్యూటర్లో కూర్చుని పాస్‌వర్డ్ మార్చడం దొంగ ముందు తాళం మార్చినట్టు. "డబ్బులేం పోలేదు గదరా" అన్నాడు. నిజమే, స్టేట్‌మెంట్ అంతా చూశాం, తేడా ఏం లేదు. పోతే మాత్రం ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని గోడ మీద క్యాలెండర్లో రాసిపెట్టాను. డబ్బు ఇంకా చేతులు మారకముందే చెబితే ఆపడానికి వీలుంటుంది.

బ్యాంకు, మెయిలు పాస్‌వర్డ్‌లు పెదనాన్న ఫోన్లో మార్చాం, అదీ వైఫై ఆపి మొబైల్ డేటా మీద. గూగుల్ అకౌంట్‌లో ఏ పరికరాల్లో లాగిన్ అయి ఉందో చూసి, ఈ కంప్యూటర్‌తో సహా అన్నిటినీ సైన్ అవుట్ చేశాను. పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే చాలదు, ఎత్తుకుపోయిన కుకీ కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా పనిచేస్తుంది.

ఫార్మాట్‌కు ఒప్పించింది పెద్దమ్మ. "వాడు చెప్పినట్టు చెయ్యనీ, నీకు తెలిసింది నిమ్మకాయలు" అంది.

తర్వాతి శనివారం

నెల్లూరులో, హార్డ్ డిస్క్ బదులు పెట్టడానికి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని పొదలకూరు బస్సెక్కాను.

విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, లోపలి విండోస్‌ను లేపకుండానే ఫైళ్ళు కాపీ చేశాను. ఎక్సెల్ లెక్కలు, ఫోటోలు, పీడీఎఫ్‌లు మాత్రమే. ప్రోగ్రాములు ఒక్కటీ తీసుకోలేదు. పాత హార్డ్ డిస్క్ ఊడదీసి, దాని మీద 'పెట్టొద్దు' అని ప్లాస్టర్ అంటించి బీరువాలో వేశాను.

విండోస్ 10 మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించి వేస్తే లైసెన్స్ దానంతట అదే పట్టుకుంది, కొన్నప్పుడు నిజమైనదే ఉంది కాబట్టి. విండోస్ 11 ఈ మెషీన్‌కు కుదరదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే లెక్క. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. అది పెట్టాను. ఆఫీస్ బదులు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్. నిమ్మకాయల షీట్లన్నీ తెరుచుకున్నాయి, ఒకచోట కాలమ్ వెడల్పు మారింది, పెదనాన్న దాని గురించే ఎక్కువ బాధపడ్డాడు.

ఇక ఆ రాత్రిపూట సినిమాల డౌన్‌లోడ్ల సంగతి. రౌటర్‌లో డీఎన్‌ఎస్ 1.1.1.3, రెండోది 1.0.0.3గా మార్చాను. ఇది 2020 నుంచి క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగా ఇస్తున్న ఫ్యామిలీ డీఎన్‌ఎస్, మాల్వేర్ సైట్లను, పెద్దల సైట్లను ఆపుతుంది. 1.1.1.2 అయితే మాల్వేర్ ఒక్కటే. పనిచేస్తోందో లేదో చూడటానికి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ మాల్వేర్ టెస్ట్ అడ్రసును ఎన్‌ఎస్‌లుకప్‌లో అడిగితే 0.0.0.0 అని వచ్చింది. బ్లాక్ అయినట్టు. బ్రౌజర్‌లో మాత్రం సెక్యూర్ డీఎన్‌ఎస్ దగ్గర వేరే కంపెనీని ఎంచుకుని ఉంటే రౌటర్ మాట వినదు, నేరుగా పోతుంది. అది కూడా చూసి సరిచేశాను. దీంతో ప్రతి సినిమా సైటూ ఆగదు, మాల్వేర్ జాబితాకు ఎక్కినవే ఆగుతాయి. పెదనాన్నకు ఆ మాట ముందే చెప్పాను.

రోజూ వాడే అకౌంట్ ఇప్పుడు స్టాండర్డ్. ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది పెద్దమ్మ దగ్గర ఉంది.

కోచింగ్ సైటు విషయం కంపెనీ నుంచి జవాబొచ్చింది, బ్లాక్ తీసేశారు. కొత్త విండోస్‌లో అలౌ లిస్టు ఖాళీగానే ఉంచాను, సైటు తెరుచుకుంటోంది. ప్రింటర్ డ్రైవర్ ఇంకా వేయాలి. అప్‌డేట్లు ఆగే అక్టోబర్ తర్వాత మెషీను మార్చడమా, మింట్ వేయడమా అని అడిగితే పెదనాన్న, నిమ్మకాయల రేటు చూసి చెప్తానన్నాడు.